కంపెనీ పెద్దమనిషి

మగ్గం ఆపేసి, సీతారాములు పుస్తకంలో ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతున్నాడు. కూతురు మనీష గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరో ఆమె ఫోటోను అడగకుండా సోషల్ మీడియాలో పెట్టి, "దీనికెన్ని మార్కులేస్తరు?" అని లోకాన్నంతా అడిగిన నాటి నుంచి ఆ పిల్ల కాలేజీకి పోలేదు, కడుపునిండా తినలేదు.

"గా పుస్తకం సదివితే ఫోటో పోతదా?" అంది దారం చుడుతున్న భార్య వెంకటనర్సమ్మ.

"బిడ్డ ఫోటో ఉన్న గా కంపెనీ ఎట్ల పెద్దగైందో మొత్తం గిండ్ల రాసిన్రే. ఎంత కంపెనీకైనా ఒక పెద్దమనిషి ఉంటడు గద. గాయన ఎసొంటోడో తెలిస్తే, కాళ్లు వట్టుకొనైనా తీసెయ్యమంట."

"కాళ్లు వట్టుకునేటందుకు గాయనేమన్న మన కట్టంగూర్ల ఉన్నడా?"

సీతారాములు నవ్వలేదు. పేజీ తిప్పి చదువుతూ పోయాడు. ఒకచోట వేలు ఆగిపోయింది.

"ఏమైందయ్యా?"

"గాయన కాలేజీల ఉన్నప్పుడు..." గొంతు తగ్గించాడు. "అడగకుంట ఆడపిల్లల ఫోటోలు వెట్టి, ఎవరు అందంగున్నరో చెప్పుమన్నడంట. ఒక్కపూటలనే జనం ఎగవడి చూసిన్రంట. గాన్నుంచే మొదలైందంట గిదంత."

ఇన్నాళ్లలో మొదటిసారి మనీష ఇటు తిరిగింది.

"గా పిల్లలేమైన్రు బాపూ?"

సీతారాములు తర్వాతి పేజీ చూశాడు. దాని తర్వాతిదీ చూశాడు. అక్కడంతా కంపెనీ కొత్త ఆఫీసు గురించే ఉంది.

"వాళ్ల ముచ్చట రాయలే బిడ్డా," అన్నాడు.