లెక్కలోకి రాని ఫోను

మెట్లెక్కి వచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడిపోయాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. ఎడమచేతిలో చార్జింగ్ అయిపోయిన ఫోను.

లోపల కంప్యూటర్ ముందు కూర్చున్న తమ్ముడు తలెత్తి, ఏం కావాలండీ అని అడిగాడు.

ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఫోను చూపించాడు. కంప్యూటర్ చూపించాడు. ఆ చేత్తోనే ఫోనును గుండెకు ఆనించుకున్నాడు.

తమ్ముడికి సంగతి అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నాడు. కింద మెట్ల పక్కన ఫోన్లు బాగుచేసే కొట్టుంది. దాని బాణం గుర్తు ఎవడో వంకరగా కొట్టడంతో, ఊళ్లో పగిలిన ఫోన్లన్నీ ముందు మేడెక్కి వస్తాయి.

“రిపేరు కిందండీ, కింద,” అని చిలక్కి చెప్పినట్టు చెప్పి, చెయ్యి పట్టుకుని మెట్లు కూడా దింపాడు. మర్యాదకు లోటు చేసే రకం కాదు పాపం.

ఆయన వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. తమ్ముడు నవ్వి చెయ్యూపాడు.

ఆగడానికి తీరిక లేదు మరి. మర్నాడే ఆసుపత్రి కమిటీ.

అక్క ఆ ఆసుపత్రిలో మాటల డాక్టరమ్మ, ఈ మేడగది ఆమెదే. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పుతుంది. ఆసుపత్రి దాకా రాలేనివాళ్ల కోసం ఫోన్‌లో తెరుచుకునే పాఠాలు తయారు చేసింది. పేజీకి ఒక మాట, ఒక బొమ్మ. తెరిచినప్పుడల్లా అక్క గొంతు ఆ మాట ఒకసారి పలుకుతుంది.

కమిటీ అధ్యక్షుడికి ఇదంతా దండగనిపించింది. పాఠాలు కంప్యూటర్‌లో ఉన్నాయి కదా, ఫోన్లలో ఎవరు చూస్తారు, ఎత్తేద్దాం అన్నాడు. అక్క బతిమాలితే, సరే, ఫోన్ల నుంచి మనుషులు వస్తున్నారని రుజువు చూపించమన్నాడు.

ఆ రుజువు కోసమే ఆమె తమ్ముణ్ణి పిలిపించింది. ఏ వెబ్‌సైటుకు ఏ ఫోను ఎన్నిసార్లు వచ్చిందో లెక్కకట్టడం వాడి వృత్తి. ఇన్నాళ్లూ ఆన్‌లైన్ చెప్పుల దుకాణాలకు చేసిపెట్టాడు. కాకిలెక్కలంటే వాడికి ఒళ్లుమంట.

అందుకే పోయినవారం దొంగను పట్టాడు.

ఒకే ఫోను, ఒకే పేజీ. ‘నీళ్లు’ అనే పేజీ. తెరవడం, మూయడం, మళ్లీ అదే తెరవడం. పొద్దస్తమానం ఇదే పని. చెప్పుల కొట్లో అలా వచ్చేది మనిషి కాదు, ధరలు ఎత్తుకుపోయే రోబో. తమ్ముడు ఆ ఫోనుకు ఒక అడ్డు పెట్టాడు. తాను రోబోను కానని నిరూపించుకోవాలి, బొమ్మల్లో సైకిళ్లన్నీ వెతికి నొక్కాలి, అప్పుడే లోపలికి ప్రవేశం. దెబ్బకు దాని రాక ఆగిపోయింది. పాత రాకల్ని కూడా లెక్కలోంచి కొట్టేశాడు.

రోబోను తరిమేశానని అక్కతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఏ పేజీకి వచ్చిందని ఆమె అడగలేదు, వాడు చెప్పలేదు.

మర్నాడు కమిటీ ఆ గదిలోనే కూర్చుంది. మిగిలిన లెక్క చూసి అధ్యక్షుడు పెదవి విరిచాడు.

కొట్టేసినది కూడా కలిపి చూపించరా అని అక్క చెవిలో బతిమాలింది. మిషన్లను మనుషులని ఎలా చెప్పనక్కా అన్నాడు తమ్ముడు. నిజాయితీ మనిషి.

ఫోను పాఠాలు ఎత్తేసే కాగితం మీద సంతకానికి అధ్యక్షుడు పెన్ను మూత తీశాడు. అక్క తల దించుకుంది.

గుమ్మం దగ్గర అలికిడైంది. నిన్నటి మనిషే. పక్కన భార్య. కొట్టు కిందని చెప్పడానికి తమ్ముడు లేవబోయాడు.

ఆయన వాణ్ణి చూడలేదు. అధ్యక్షుడి ముందున్న కూజానే చూస్తున్నాడు. పెదవులు వణికాయి. నుదుటి నరం ఉబ్బింది.

“నీ... నీళ్లు.”

అందులో పెద్ద విశేషమేముంది? అధ్యక్షుడు గ్లాసులో పోసి అందించాడు. ఆయన ఎడమచేత్తో అందుకుని గటగటా తాగేశాడు.

భార్య గోడకు ఆనుకుని భోరుమంది.

జబ్బు చేశాక ఆయన నోరు తెరిచి ఒకటి అడగడం ఇదే మొదలట. డాక్టరమ్మ పాఠాన్ని ఇల్లు అదిరిపోయేలా రోజంతా మోగించేవారట. వారం నుంచి ఫోను అడ్డం తిరిగిందట. సైకిళ్లు చూపించమంటుంది, ఆయనకు వేలు నిలవదు, ఆమెకు కళ్లు ఆనవు. నిన్న ఆయన చెప్పాపెట్టకుండా ఇక్కడికి వచ్చేశారట. ఎవరో మంచి అబ్బాయి జాగ్రత్తగా మెట్లు దింపి పంపాడట.

“ఆ సైకిళ్లు తీయించెయ్యండమ్మా,” అంది భార్య, అక్క చేతులు పట్టుకుని. “ఆయన నాతో మాట్లాడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.”

అక్క కన్నీళ్లతోనే నవ్వింది. ఎన్ని మాటలుంటే అన్నీ నేర్పుతానంది.

అధ్యక్షుడు పెన్ను మూత పెట్టేశాడు. సంతకం చెయ్యని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆయన గ్లాసులో మళ్లీ నీళ్లు పోశాడు.

“ఎవరయ్యా ఈయన? నీ లెక్కలో ఉన్నాడా?” అని తమ్ముణ్ణి అడిగాడు.

తమ్ముడు లెక్కలోంచి కొట్టేసిన వరుసను తెర మీద తెరిచి చూపించాడు.

“నేను కొట్టేసిన రోబో, సార్.”