గుమ్మం చెప్పని మెట్టు

ఇప్పుడు ప్రతి షాపు గుమ్మమూ, యజమాని రాసిపెట్టిన మాటలను చూపు లేనివాళ్ళ చెవిబిళ్ళలో వినిపిస్తుంది. ఎక్కువ గొప్పలు రాసుకున్న గుమ్మమే ముందు పలుకుతుంది. అందుకే నాకు నమ్మకం లేదు. చూపు పోయిన నా భార్య సూరమ్మకు మాత్రం దాని మాటే వేదం.

మందుల షాపు ముందు నా చెయ్యి విదిలించుకుంది.

"అది చెబుతోందిగా, నువ్వెందుకయ్యా?"

"ఏం చెబుతోంది?"

"మేలైన మందులు, చవక మందులు, జిల్లాలోకెల్లా మంచి మందులు."

"మెట్ల సంగతి?"

"మళ్ళీ మందులే అంటోంది," అంటూనే కాలెత్తింది. రెక్క పట్టుకుని ఆపాను.

"మూడు మెట్లు. రెండోది విరిగింది. కుడిపక్క గోడుంది."

గోడ తడుముకుంటూ ఎక్కింది. పైకెళ్ళాక చెవిబిళ్ళ తీసి నా జేబులో వేసింది.

"నలభై ఏళ్ళ కాపురంలో నువ్వు ఒక్కసారిగా ఇన్ని మాటలు ఆడటం ఇదే మొదలు. దిగేటప్పుడూ చెప్పు."