తిరుగు రథం

"ఆ వీధిలో కాలు పెట్టావంటే ఊరుకోను" అంది గున్నమ్మ, కొడుకు టిఫిన్ క్యారియర్ మూత బిగిస్తూ.

"ఏటమ్మా, రోడ్డు మీద నడవడం కూడా తప్పేనా?"

"ఆ రోడ్డు మీద తప్పే."

గోపాలం సైకిలెక్కాడు. భిలాయి సెక్టర్ 4 నుంచి ఉక్కు ప్లాంటుకి ఆ వీధే దగ్గర దారి. అయినా చుట్టూ తిరిగి వెళ్ళాడు.

సూర్యావతి ఉన్నది ఆ వీధిలోనే. వాళ్ళ నాన్న సత్యారావు రైల్వే వదిలి ప్లాంటులో చేరిన మనిషి. ఆమె రాయపూర్ రైల్వే కాలనీలో పెరిగింది. ఆమె తెలుగులో సగం హిందీ. గొడవంతా అక్కడే వచ్చింది. పదిమంది ఉన్నచోట ఆమె ఏదో అంటే గోపాలం పకపకా నవ్వాడు. "నీ తెలుగు వినడానికి టికెట్టు పెట్టొచ్చు" అన్నాడు. ఆమె మొహం చిన్నబోయింది.

ఆ మర్నాటి నుంచి ఇద్దరికీ చూపుల్లేవు, మాటల్లేవు. తప్పయిందని చెప్పుకునే సందు కూడా పెద్దలివ్వలేదు.

సూర్యావతి పక్క క్వార్టరులో ఉండే చిన్నమ్మలు ద్వారా కబురంపాడు. "నాకు తెలుగు రాదని చెప్పు" అని జవాబొచ్చింది. ఆ పూట గోపాలానికి అన్నం సహించలేదు.

అందరికంటే పెద్ద అడ్డు సూర్యావతి తల్లి పోలమ్మ. గోపాలం కనబడితే చాలు, ముఖం తిప్పేసుకునేది. ఒకసారి మార్కెట్లో అతన్ని చూసి, తూయించిన వంకాయలు కూడా వదిలేసి వెనక్కి తిరిగిపోయింది. వింత ఏమిటంటే, గున్నమ్మా పోలమ్మా కుళాయి దగ్గర నవ్వుకుంటూనే మాట్లాడుకునేవారు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ రాళ్ళే. సత్యారావు ప్లాంటు గేటు దగ్గర గోపాలాన్ని చూసి మీసాల్లో నవ్వి, ఏమీ ఎరగనట్టు పోయేవాడు.

ఒరియా వాళ్ళు జరిపే జగన్నాథుడి రథయాత్ర మొదటి రోజున గోపాలం వెళ్ళాడు. పోలమ్మ కూతురి చెయ్యి వదల్లేదు. దూరం నుంచి జడ మాత్రం కనబడింది.

"ఇంక సామి గుడికి తిరిగొచ్చే తిరుగు రథమే మనకి దిక్కు" అన్నాడు తాతబ్బాయి. రోలింగ్ మిల్లులో గోపాలం పక్కన పనిచేస్తాడు. సినిమాల పిచ్చి. "పండగ సినిమాలు చూళ్ళేదేటి? వీధి వీధంతా వేషం కడతాది. ఆఖర్న అందరూ ఒక దగ్గర చేరతారు. శుభం కార్డు పడతాది."

అక్కడికక్కడే వేషాలు పంచేశాడు. చిన్నమ్మలు పోలమ్మని ప్రసాదం వరసలో నిలబెట్టాలి. మిల్లులో తమతో పనిచేసే సర్దార్జీ సత్యారావుని మాటల్లో పెట్టాలి. సూర్యావతి వీధిలోనే ఉండే బెంగాలీ దీదీ ఆమెని రథం తాడు దగ్గరికి తేవాలి. మేళం కుర్రాళ్ళు ఆ పక్కనే దంచి వాయించాలి, మాటలు ఇంకెవరికీ వినపడకుండా.

"దేవుడి ముందు ఈ దొంగ ఏర్పాట్లు పాపం కాదేటి?" అన్నాడు గోపాలం.

"తనని వదిలేసి ఊరేగాడని, ఇంటికెళ్తే లక్ష్మమ్మవారు అలిగి తలుపేసేస్తాదంట. ఆ సామే బతిమాలుకుంటాడు. నీకేటి సిగ్గు?"

ఆ మాట గోపాలానికి ధైర్యమిచ్చింది. పెద్దలు పెట్టిన కట్టుబాట్లు చూసి దేవుడు మెచ్చుకుంటాడో, నవ్వుకుంటాడో మాత్రం అతనికి తేలలేదు.

తిరుగు రథం నాడు సన్నగా చినుకులు. ప్లాంటులో పనిచేసే రష్యన్ ఇంజినీరు ఒకాయన గొడుగు కింద నిలబడి ఫొటోలు తీస్తున్నాడు. రథం తాడు ఎవరైనా పట్టొచ్చు, ఆడా మగా తేడా లేదు. గోపాలం పట్టుకున్నాడు. బెంగాలీ దీదీ తన వేషం చక్కగా కట్టింది. సూర్యావతి సరిగ్గా అతని ముందే తాడు పట్టుకుంది. వెనక్కి తిరగలేదు.

"సూరీ!"

మేళంలో ఆ పిలుపు కలిసిపోయింది. ఇంకా గట్టిగా అరిచాడు. లాభం లేదు. తప్పు తనదేననీ, ఆమె తెలుగు ఎంతో తియ్యగా ఉంటుందనీ ఆమెకి అలవాటైన భాషలో చెబుదామని ఊపిరంతా కూడదీసుకుని హిందీలోకి దిగాడు.

"మేరా గలతీ హో గయా! తుమ్హారా తెలుగు బహుత్ మీఠీ హై!"

అప్పుడే రథచక్రం బురదలో దిగబడింది. మేళం ఆగిపోయింది. ఆడామగా తారుమారైన గోపాలం హిందీ వీధి చివరిదాకా వినిపించింది.

"ఓయ్, యే కౌన్‌సీ హిందీ హై?" సర్దార్జీ పొట్ట పట్టుకున్నాడు. జనమంతా గొల్లుమన్నారు. ఏమీ అర్థంకాని రష్యన్ ఇంజినీరు కూడా నవ్వాడు. గోపాలం చెవులు ఎర్రబడ్డాయి.

సూర్యావతి మెల్లిగా వెనక్కి తిరిగింది.

"తెలుగులోనే చెప్పండి. నాకు సమజ్ అవుతాది."

"తప్పయిపోయింది."

"మళ్ళీ నవ్వుతారా?"

"నవ్వను. ఒట్టు."

"అయితే మాఫ్ చేశాను" అంది. పెదవి చివర నవ్వు ఆగలేదు.

"పోలమ్మత్తా, ఆగు! వరస తప్పిపోతాది!" అంటూ చిన్నమ్మలు కేక వినబడింది. ఆ కేకకి ముందే పోలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చేసింది, చేతిలో ప్రసాదం దొన్నెతో. వెనకే సత్యారావు, ఆయన వెనక బిక్కమొహంతో సర్దార్జీ. తాతబ్బాయి డోలు చాటుకి తప్పుకున్నాడు. సూర్యావతి చెయ్యి తాడు మీంచి జారింది.

పోలమ్మ సరిగ్గా గోపాలం ఎదురుగా ఆగింది. అతన్ని చూసింది. చటుక్కున కొంగు ముఖం మీదికి లాక్కుని, వీపు తిప్పేసి, భర్తతో అంది:

"పెళ్ళయి నెల తిరగలేదు, ఆషాఢం దాటేదాకా అత్త కంట పడకూడదని మీ అల్లుడికి తెలీదేటండీ?"