మట్టయ్య గారికి మర్యాద

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది, మాఘమాసం. తెల్లవారగానే దామోదరరావు దొర తన షేర్వానీ తెచ్చి జీతగాడు మట్టయ్యకు తొడిగించాడు. తలపాగా తన చేతులతోనే చుట్టాడు. కిర్రు చెప్పులు ముందు పెట్టి, "తొడుక్కోండ్రి మట్టయ్య గారూ" అన్నాడు.

నిన్నటి దాకా ఆ నోటికి తెలిసిన పిలుపు "ఒరేయ్ మట్టిగా" ఒక్కటే.

మట్టయ్య ఇరవై ఏళ్ళుగా కోటలాంటి ఆ గడి వాకిట్లో చెప్పుల్లేకుండానే నడిచాడు. దొర చెప్పందే కూర్చోలేదు, చెప్పందే లేవలేదు. అడక్కుండా మంచినీళ్ళు తాగినందుకు పడిన వాత ఇంకా వీపు మీదే ఉంది.

"నీ బాంచెన్ దొరా, నాతోని తప్పేమైంది?"

"తప్పు నాదే. పని చేసెటోళ్ళను గౌరవించాలె. ఇయ్యాల సూర్యాపేట దాక మీరు కూసోండ్రి, బండి నేను తోల్త."

పుణ్యాత్ముడు! మూడు దినాలుగా గడి తలుపులు మూసుకొని ఇదే ఆలోచించాడు కాబోలు.

"జర పైలం. నాకు నమ్మబుద్ధయితలేదు" అని భార్య జానమ్మ మట్టయ్య చెవిలో గొణిగింది.

దొర మట్టయ్య గొంగడి కప్పుకొని ములుగర్ర పట్టాడు. గూడు బండి నిడమనూరు దాటింది. దారి పొడుగునా ఒకటే ఉపన్యాసం. యజమాని అన్నవాడు పనివాళ్ళను నెత్తిన పెట్టుకోవాలట. మెత్తటి పరుపు మీద మట్టయ్య ముళ్ళ మీద ఉన్నట్టు కూర్చున్నాడు.

"భయమెందుకు మట్టయ్య గారూ? ఇయ్యాల మీరే దొర. ఎవలన్న అడిగితే గదే చెప్పండ్రి."

మిర్యాలగూడెం దాటాక జొన్నచేలోంచి కమ్యూనిస్టు దళం వాళ్ళు నలుగురు తుపాకులతో లేచారు. ఎడ్లు ఆగాయి. గొంగడి మనిషిని ఎవరూ పట్టించుకోలేదు. దళ నాయకుడు తుపాకీని తలపాగాకు ఆనించాడు.

"మొన్న పంపిన చిట్టీ అందిందా దొరా? వెట్టి బంద్ చెయ్యకుంటే పానం తీస్తమని రాసినం గదా. దిగు!"

గొంగడి ముసుగు ఇంకాస్త కిందికి జారింది.

మట్టయ్యకు ప్రాణం పోయేటట్టే ఉంది. అయినా ఉన్నచోటు నుంచి కదల్లేదు. ములుగర్ర పట్టుకున్న మనిషి వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, వినయంగా అడిగాడు:

"దిగుమంటున్నరు, దిగాల్నా దొరా, నీ బాంచెన్?"