నిలవని సొరపిందె

“భానూ, ఇదీ పోయింది!”

పెరట్లోంచి కేక వినగానే భానుమతి టీ కింద మంట తగ్గించి బయటికి పరుగెత్తింది. కాలిఫోర్నియా శాన్ రామన్‌లోని ఆ ఇంటి వెనక పందిరంతా సొరపాదు అల్లుకుపోయింది. ఆకులకు లోటు లేదు, పూలకు లోటు లేదు. నిన్న సాయంత్రం చూపుడువేలంత ఉన్న పిందె మాత్రం మాయమైంది.

“మళ్లీ ఉడతేనంటారా?”

“ఉడతో, ఎలుకో, నా ఖర్మో! మన పెరట్లో ఈసారి కాయ చూసే యోగం లేదు,” అన్నాడు హరనాథ్ నిట్టూర్చి.

భానుమతి ఉసూరుమంది. ఈ వేసవిలో ఎన్ని పిందెలు ఇలా పోయాయో! అయినా ఆమె అసలు బెంగ సొరకాయ గురించి కాదు, మొగుడి గురించి.

పోయిన ఏడు ఇదే పందిరి విరగకాసింది. అప్పటికే రిటైరైన హరనాథ్ కాయలు సంచుల్లో వేసుకుని తెలిసిన ఇళ్లన్నీ తిరిగాడు. మొదట్లో “అబ్బ, ఎంత లేతగా ఉందో అంకుల్!” అని మురిసిపోయినవాళ్లే, నెల తిరిగేసరికి “మొన్న మీరిచ్చిందే ఫ్రిజ్‌లో ఉంది” అంటూ గుమ్మంలోంచే సాగనంపారు. ఒకరిద్దరైతే లోపల టీవీ మోగుతున్నా తలుపు తీయలేదు. ఆ చలికాలమంతా ఆయన ఉలుకూ పలుకూ లేకుండా గడిపాడు. కూరలో ఉప్పు మరిచిపోయినా కిక్కురుమనకుండా తినేసేవాడు. కనీసం తిట్టినా బాగుండునని భానుమతికి ఏడుపొచ్చేది. ఈ మనిషి ఇక ఇలాగే ఉండిపోతాడా అని హడలిపోయింది.

ఈ ఏడు మాత్రం నోరు విప్పాడు. పిందె నిలవడం లేదన్న కబురు వాకింగ్ బ్యాచ్‌లో పాకడమే ఆలస్యం, సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు పెరట్లో ప్రత్యక్షం. మనవాళ్లు కూరగాయ ఇస్తానంటే పారిపోతారు గానీ, సలహా అడిగితే కుర్చీ లాక్కుని మరీ కూర్చుంటారు కదా!

ఆ రోజూ ఇద్దరు వచ్చారు. ఒకరు పక్క వీధి గౌరీశంకర్. సాఫ్ట్‌వేర్ ఇంజినీరే గానీ ఈ మధ్య యూట్యూబ్ పుణ్యమా అని వ్యవసాయ శాస్త్రవేత్త కూడా అయ్యాడు. రెండో ఆమె ఛాయాదేవి, కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉందామని కరీంనగర్ నుంచి వచ్చింది.

“ఆడపువ్వుకి మగపువ్వు సరిగ్గా అద్దారా అంకుల్? సొరపువ్వు పొద్దువాలాకే విచ్చుకుంటుంది. ఆ టైమ్‌కి ఇక్కడి తేనెటీగలు డ్యూటీ దిగిపోతాయి. మనమే పాలినేట్ చేయాలి,” అన్నాడు గౌరీశంకర్.

“రోజూ నేనే పెళ్లి చేస్తున్నానయ్యా. సంసారమే నిలబడట్లేదు!”

“గదేం కాదన్నా. నరదిష్టి! పందిరికి ఒక పాత చెప్పు గట్టుండ్రి,” అంది ఛాయాదేవి.

“చెప్పు కడితే హెచ్‌ఓఏ, అదే కాలనీ అసోసియేషన్ వాళ్లు నోటీస్ పంపుతారమ్మా!” అన్నాడు హరనాథ్.

“పంపనియ్యి. ఆ నోటీసు గూడ గట్టుండ్రి!”

ఆ మాటకి ఆయనే పగలబడి నవ్వాడు. రెండో టీ తెచ్చిన భానుమతి, ఆ నవ్వు చూసి చల్లగా ఊపిరి పీల్చుకుంది. ఈ మనిషి ఇలా నవ్వుతూ ఉంటే చాలు దేవుడా అనుకుంది.

ఇంతలో ఛాయాదేవి పాదు కింద దూరి ఆకులు ఎత్తి చూసింది.

“ఓ వదినా, గిదేంది? ఈడొక పిందె ఉన్నది జూడు! జానెడున్నది!”

అందరూ అటు పరుగెత్తారు. నిజమే, ఆకుల చాటున నిగనిగలాడుతూ వేలాడుతోంది. గౌరీశంకర్ ఉల్లిపాయల వల సంచి ఒకటి అడిగి తీసుకుని, పిందెకు తొడిగి మూతి బిగించాడు.

“ఉడత కాదు, దాని తాత వచ్చినా ముట్టుకోలేదు. ఇక నిలబడినట్టే. కంగ్రాట్స్ అంకుల్! రేపట్నుంచి మేం మన వాకింగ్ బ్యాచ్ రాజ్ వాళ్లింటికి వెళ్లాలి. పాపం, వాళ్ల వంకాయలన్నీ పుచ్చులేనట.”

“మరి ఇక్కడికి రారా?” భానుమతి ఉండబట్టలేక అడిగేసింది.

“మీకేం ఆంటీ, కాయ చేతికొచ్చేసినట్టేగా. ఇంక మాతో ఏం పని?”



వాళ్లు వెళ్లాక హరనాథ్ ఖాళీ కప్పులు తెచ్చి సింక్‌లో పెట్టాడు. భోజనాల దగ్గర కంచంలోకే చూస్తూ తిన్నాడు. పప్పులో ఉప్పు చాలిందా అని ఆమె కావాలనే రెండుసార్లు అడిగింది. “ఊఁ” అన్నాడంతే.

మళ్లీ మొదలైంది అనుకుంది భానుమతి. కాయ ముఖ్యమా, మనిషి ముఖ్యమా? ఆ పిందె పోతే రేపు సాయంత్రం మళ్లీ నలుగురూ వస్తారు, ఈయన మళ్లీ నవ్వుతాడు. కానీ ఈ వేసవంతా ఒక్క కాయ కోసం అల్లాడిన మనిషి ఆశని తన చేతులతోనే తుంచేయాలి! ‘ఎంత పాపిష్టిదాన్ని’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా నిర్ణయం మార్చుకోలేదు. ఆ నేరం కూడా ఉడత మీదికే తోసేయవచ్చు.

తెల్లారుతుండగా మెలకువ వచ్చింది. పక్కన హరనాథ్ లేడు. వాకింగ్‌కి వెళ్లుంటాడు, అదీ మంచిదే అనుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పెరటి తలుపు చప్పుడు కాకుండా జరిపి అడుగు బయట పెట్టింది.

పందిరి కింద హరనాథ్, ఈ పిందెను పాత పిందెల పక్కనే పాతిపెడుతున్నాడు.