వాయిదాల కారు

"దిగమ్మా, కారు జప్తు చెయ్యాలి" అన్నాడు కార్ల దుకాణం గుమాస్తా ఫెలిక్స్.

"దిగను" అంది కన్నమ్మ. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. "ఈ లోటో బండి కదల్దు, నేనూ కదల్ను. మోసుకుపోతావో, ఏటి సేసుకుంటావో సేసుకో!"

బాన్ అక్యూయ్ ఊళ్ళో చెరకు నరకడానికి పోతున్నవాళ్ళంతా దారిలోనే ఆగిపోయారు. ఫెలిక్స్ వెనక కోర్టు అమీను అర్మాన్ కాగితాల సంచీతో తలవంచుకుని నిలబడ్డాడు.

కన్నమ్మ మొగుడు సూరన్న ఆ పాత కారును పోర్ట్ లూయీలో వాయిదాల మీద కొన్నాడు. ఫ్లాక్ బజారుకు జనాన్ని చేరవేసి, ఆ కిరాయితో వాయిదాలు తీర్చాలనుకున్నాడు. నాలుగో రోజునే నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోయింది. ఎడ్లను కట్టి ఇంటికి లాక్కొచ్చారు.

"బాగుసెయ్యండని మూడుసార్లు రైలెక్కి మీ దుకాణానికొచ్చాను కదా బాబూ!" అన్నాడు కారు పక్కనే నిలబడ్డ సూరన్న. "రేపు రా, ఎల్లుండి రా అన్నారు. ఇప్పుడు కోర్టు మనిషిని తెచ్చారా?"

"కారు అమ్మింది మా దుకాణం. నీకు అప్పిచ్చింది వేరే కంపెనీ. బండి నడిచినా నడవకపోయినా వాళ్ళ వాయిదా వాళ్ళకు కట్టాల్సిందే."

"అయితే ఆ కంపెనీ ఎక్కడుందో సెప్పు. వాళ్ళనే అడుగుతాను."

ఫెలిక్స్ గొంతు సవరించుకున్నాడు. "మా దుకాణం మేడ మీద."

జనం గొల్లుమన్నారు. కన్నమ్మకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"కింద అమ్మేదీ మీరే, మేడెక్కి వసూలు సేసేదీ మీరేనా? పాలిచ్చే ఆవులు రెండూ అమ్మి మీ సేతుల్లో పోశాం. ఆవులూ పోయాయి, బండీ పోయింది. ఇంకా మేమే బాకీ అంటావేటి? సిగ్గుండాలి!"

"వేలిముద్ర వేసేముందు కాగితం చదువుకోవాల్సింది."

"అది ఇంగ్లీషు కాగితం!" అన్నాడు సూరన్న. "ఏముందో సదివి సెప్పు బాబూ అని నిన్నే కదా అడిగాను? 'అన్నీ మామూలు మాటలే, వెయ్యి' అన్నావు."

ఫెలిక్స్ విసుగ్గా వెనక్కి తిరిగాడు. "మిస్యే అర్మాన్, వీళ్ళతో మాటలెందుకు? మీరు జప్తు కాగితం రాయండి."

అమీను ముందుకొచ్చి బానెట్ ఎత్తాడు. ఇంజను మీది నంబరు చదివి, కాగితం మీద రాయబోతూ ఆగాడు. మళ్ళీ వంగి ఒక్కొక్క అంకెనూ వేలితో తడిమి చూశాడు. ఆ తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి అంచున ఉన్న ఆకుపచ్చ రంగును గోటితో గీకాడు. అడుగున నీలం రంగు బయటపడింది.

ఆయన మొహం ఎర్రబడింది.

"ఏమైంది మిస్యే? రాయరేం?" అన్నాడు ఫెలిక్స్.

అమీను కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"బాగుచేసి ఇస్తామని మీ యజమాని ఈ కారును మా ఇంటి ముందునుంచి తీసుకెళ్ళి పద్నాలుగు నెలలైంది. మొన్న శనివారం కూడా దీని వాయిదా నేను కట్టాను."