తిట్టేంత ఊపిరి

మూడో కరెంటు స్తంభం దాటకుండానే ఆమె కూలబడి, పొద్దున తాగిన టీ అంతా కక్కేసింది.

"పన్నెండు కిలోమీటర్లూ ఒక్క గుక్కలో మింగేద్దామనుకున్నావా?"

రోడ్డు పక్క నీళ్ల పైపు మీద, ఉన్ని టోపీ పెట్టుకుని కూర్చున్న మనిషి అన్నాడు. యాభై దగ్గర పడ్డట్టున్నాడు.

"నీకెందుకయ్యా? నీ దారిన నువ్వు పో."

"ఇదే నా దారి."

ఆమెకు ఒళ్లు మండింది. దెప్పడానికి ఇంట్లో అత్త చాలదూ!

ఆమె భర్త నీళ్ల శాఖలో పనిచేసేవాడు. చెరువు నుంచి పట్నం దాకా పైపు వెంట తిరిగి, ఎక్కడ కారుతోందో చూడటం పని. నాలుగు నెలల కిందట గుండె ఆగి పోయాడు. ఆ ఉద్యోగం భార్యకిస్తారు. కానీ పైపు పొడుగునా, పన్నెండు కిలోమీటర్లు, గంటన్నరలో పరిగెత్తి చూపించాలి. ఒక్కసారే అవకాశం. తప్పితే ఉద్యోగమూ లేదు, ఇద్దరు పిల్లలతో ఉంటున్న క్వార్టరూ లేదు.

ముప్పై ఎనిమిదేళ్లు. బస్సు కోసం కూడా ఎన్నడూ పరిగెత్తి ఎరగదు. కాళ్లకు భర్త బూట్లు, ముందు గుడ్డపేలికలు కుక్కినవి. గడువు మూడు నెలలు.

మర్నాడూ ఆ టోపీ మనిషి అక్కడే ఉన్నాడు. ఆమె పరుగు మొదలెడితే పక్కనే తనూ కదిలాడు.

"మెల్లగా. ఇంకా మెల్లగా. మాట్లాడుతూ పరిగెత్తు. మాట ఆగిందంటే వేగం ఎక్కువైనట్టు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. కూరేం వండావో చెప్పు."

కూర రెండు స్తంభాలకే అయిపోయింది.

అత్త సాధింపులు కిలోమీటరు దాకా వచ్చాయి. ఆఫీసువాళ్లు తిప్పిన తిప్పలు మూడు కిలోమీటర్లు. చెప్పాపెట్టకుండా పోయిన మొగుణ్ణి తిడుతూ, ఏడుస్తూ, ఓ ఆదివారం అయిదు దాటింది.

రెండో నెలకి తిట్టడానికి మనుషులు కరువయ్యారు.

"ఇంకెవరూ లేరా?"

"ఎందుకు లేరూ! నేను పరీక్ష తప్పితే ఈ ఉద్యోగంలో దూరదామని ఎవడో కాచుకుని ఉన్నాడట. వాడి కాళ్లు పడిపోను!"

"ఆఁ, అదీ! వాడు ఎనిమిది దాకా వస్తాడు. తిట్టు, తిట్టు."

పరీక్ష రోజు రానే వచ్చింది. పదకొండో కిలోమీటరు రాయి దగ్గర డొక్కలో కత్తి దిగినట్టయింది. తూలి, మోకాళ్ల మీద పడింది. చర్మం లేచిపోయి రక్తం. ఇంకా పదకొండు నిమిషాలుంది. లేవబోతే కాలు రాలేదు. క్వార్టరులోని మంచాలూ గిన్నెలూ వీధిలో పడి ఉన్నట్టే కళ్ల ముందు మెదిలాయి.

"లే చెల్లెమ్మా." పైపు అవతలి నుంచి టోపీ మనిషి వచ్చాడు.

"నావల్ల కాదన్నా. పిల్లలు రోడ్డున పడ్డట్టే."

"తిట్టు."

"ఊపిరి లేదు."

"నీ ఉద్యోగానికి కాచుక్కూర్చున్నాడే, వాడిప్పుడు పండగ చేసుకుంటుంటాడు."

ఆమె పళ్లు బిగించి లేచింది.

"వాడి నోట్లో... మన్ను పడ..."

"వినపడటం లేదు. గట్టిగా!"

"వాడి కొంప కూల!"

అడుగుకో శాపం. అలాగే కుంటుతూ, తిడుతూ పైపు చివరనున్న పంపుహౌసు గేటు దాటి బోర్లా పడింది. ఆఫీసరు గడియారం నొక్కి, "ఇరవై సెకన్లు మిగిలాయి" అన్నాడు.

వెక్కి వెక్కి ఏడ్చి తలెత్తేసరికి టోపీ మనిషి లేడు.

సోమవారం ఆఫీసులో గుమాస్తా రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

పైన అప్పటికే ఒక సంతకం ఉంది.

"ఇదెవరిది?"

"మీ ఆయన పోయాక ఆ పని చూసిన టెంపరరీ మనిషిది. పర్మనెంటు ఉద్యోగం కోసం పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. మీరు పరీక్ష తప్పి ఉంటే పర్మనెంటయ్యేవాడు. పొద్దున్నే అప్పజెప్పేసి వెళ్లిపోయాడు."

"ఎక్కడికి?"

"ఏ ఊళ్లో పని దొరికితే ఆ ఊరికి."

పీడా విరగడైంది అనుకుంటూ ఆమె కలం అందుకుంది.

గుమాస్తా ఆమె మొహంలోకి వింతగా చూశాడు. "అదేంటమ్మా, మీకు చెప్పకుండానే వెళ్లాడా? మూడు నెలలుగా రోజూ మీ పక్కన పరిగెత్తింది ఆయనేగా!"